అక్కా తమ్ముడూ చెప్పిన షేక్స్‌పియర్ కథలు

మా అమ్మాయి సెవెన్త్ గ్రేడ్‌లో ఉన్నప్పటి సంగతి. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద తల వాల్చి కూర్చుని ఉంది. ఎదురుగా ఇంగ్లీషు క్లాసులో ఇచ్చిన పుస్తకం. షేక్స్‌పియర్ నాటకం, ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్. మర్నాటికి మొదటి అంకం చదువుకుని రావాలిట. ఇది అసలు ఇంగ్లీషే కాదని, ఇలాంటివి ఎందుకు చదివిస్తారో తెలియదని ఏడుపు మొహం పెట్టింది. ఈ దేశంలో పుట్టి, ఈ భాషలోనే కలలు కనే పిల్ల ఆ మాట అంటుంటే నాకేం చెప్పాలో తోచలేదు. సాయం చేద్దామని పక్కన కూర్చున్నాను. రెండు పేజీలు తిరగేసేసరికి, ఒక్క కామెంటు కూడా లేని పాత కోబాల్ ప్రోగ్రాం ఒకటి తెచ్చి రాత్రికి రాత్రి బాగుచెయ్యమన్నట్టు అనిపించింది. మెల్లగా లేచి కాఫీ పెట్టుకునే వంకతో తప్పుకున్నాను.

ఆ వారాంతం తెనాలిలో ఉన్న మా అక్కకు ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ గొడవ చెప్పాను. అక్క పెద్దగా నవ్వింది. అదేదో అడవిలో దారి తప్పిన రెండు ప్రేమ జంటల కథేగదా, నిద్రపోతున్న వాళ్ళ కళ్ళమీద పువ్వు రసం పిండే కథ, నీకు అరుగు మీద కూర్చోబెట్టి ఎన్నిసార్లు చెప్పాను అంది. అప్పుడు గుర్తొచ్చింది. కరెంటు పోయిన రాత్రులు, విసనకర్ర, అక్క చేతిలో అట్ట ఊడిపోయిన చిన్న పుస్తకం. మా నాన్నగారు కాలేజీలో చదువుకున్న నాన్-డిటైల్డ్ పుస్తకం అది. లాంబ్ రాసిన షేక్స్‌పియర్ కథలు. మీలో కొంతమందికైనా ఆ పేరు గుర్తుండి ఉంటుంది. లాంబ్ అంటే గొర్రెపిల్ల అని స్కూల్లో నేర్చుకున్నాను కాబట్టి, గొర్రెపిల్ల పుస్తకం రాయడమేమిటని అక్కని అడిగి మొట్టికాయ తిన్నది కూడా గుర్తొచ్చింది.

మర్నాడే ఆ పుస్తకం ఆర్డరు చేశాను. పుస్తకం వచ్చేలోగా ఈ లాంబ్ ఎవరో చూద్దామని మొదలుపెట్టి, మూడు రాత్రులు అదే చదువుతూ కూర్చున్నాను. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. సాహిత్యం గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా పిల్లలకి షేక్స్‌పియర్‌ని దగ్గర చేసిన ఆ మనిషి బతుకు తెలిశాక ఎవరికైనా చెప్పకుండా ఉండలేకపోయాను. సావనీరుకి ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు వేరే విషయం వెతుక్కోలేదు.

చార్లెస్ లాంబ్ 1775 ఫిబ్రవరి 10న లండన్‌లో, లాయర్లు ఉండే ఇన్నర్ టెంపుల్ ఆవరణలో పుట్టాడు. తండ్రి జాన్ లాంబ్ అక్కడ శామ్యూల్ సాల్ట్ అనే పెద్ద లాయరు దగ్గర గుమాస్తా. గుమాస్తా అని పేరేగాని ఇంటి పనివాడూ ఆయనే, అన్నీ ఆయనే. ఏడుగురు పిల్లలు పుడితే ముగ్గురే మిగిలారు. పెద్దవాడు జాన్, తరువాత 1764లో పుట్టిన మేరీ, ఆఖరివాడు చార్లెస్. అక్కకీ తమ్ముడికీ పదేళ్ళ పైన తేడా. తమ్ముణ్ణి ఎత్తుకు పెంచింది, చదువు మీద రుచి పుట్టించింది అక్కే. ఆమెకు పెద్ద చదువు చెప్పించలేదు. కాని ఆ లాయరుగారి ఇంట్లో మంచి గ్రంథాలయం ఉండేది. ఏది చదవాలో ఏది చదవకూడదో చెప్పేవాళ్ళు లేకపోవడంతో మేరీ పాత నాటకాలూ కవిత్వమూ అక్కడే ఇష్టం వచ్చినట్టు చదువుకుంది. ఆడపిల్లలందరినీ అలాగే వదిలెయ్యాలని చార్లెస్ పెద్దయ్యాక ఒక వ్యాసంలో అభిప్రాయపడ్డాడు.

ఏడేళ్ళ వయసులో చార్లెస్‌ని క్రైస్ట్స్ హాస్పిటల్ అనే స్కూల్లో వేశారు. పేరులో హాస్పిటల్ ఉంది గాని అది బీద కుటుంబాల పిల్లలకోసం పెట్టిన బడి. కోల్‌రిడ్జ్ అక్కడే పరిచయమయ్యాడు. ఆ స్నేహం ఇద్దరూ పోయేదాకా నిలిచింది. చార్లెస్ బాగా చదివేవాడు. కాని నత్తి. ఆ స్కూల్లో పై తరగతికి వెళ్ళి యూనివర్సిటీ చదువుకి సాయం అందుకున్నవాళ్ళు తరువాత చర్చిలో ప్రవచనాలు చెప్పే ఉద్యోగంలో చేరాలి. నత్తి ఉన్నవాడు ప్రవచనం ఏం చెబుతాడు? పద్నాలుగేళ్ళకి చదువు ఆగిపోయింది. కోల్‌రిడ్జ్ కేంబ్రిడ్జ్‌కి వెళ్ళాడు, చార్లెస్ లెక్కలు రాసే ఉద్యోగానికి వెళ్ళాడు.

ఆ ఉద్యోగం ఎక్కడనుకున్నారు? కొన్నాళ్ళు సౌత్ సీ కంపెనీలో పనిచేశాక, 1792 ఏప్రిల్‌లో ఈస్టిండియా కంపెనీలో చేరాడు. అవును, మన ఈస్టిండియా కంపెనీయే. లీడెన్‌హాల్ స్ట్రీట్‌లో దాని హెడ్డాఫీసు, అందులో అకౌంట్స్ విభాగం. మొదటి మూడేళ్ళు జీతం లేదు, ఏడాదికి ఏదో బహుమానం లాంటిది ఇచ్చేవారు. మన భాషలో చెప్పాలంటే మూడేళ్ళు బెంచ్ మీద ఉన్నట్టు. తేయాకు, నీలిమందు, బట్టల తానులు ఎంత వచ్చాయి, వేలంలో ఎంతకి పోయాయి అన్న లెక్కలు ఎత్తు బల్ల మీద రాసుకుంటూ ఆయన 33 ఏళ్ళు గడిపాడు. కోరమండల్ తీరంలో మన నేతగాళ్ళు నేసిన గుడ్డ కూడా ఓడలెక్కి వెళ్ళింది ఆ కంపెనీ గిడ్డంగులకే. ఆయన షేక్స్‌పియర్ కథలు రాస్తున్న 1806లో, అదే కంపెనీ జీతం తీసుకుంటూ థామస్ మన్రో మన దత్త మండలాలకి కలెక్టరుగా ఉన్నాడు. చార్లెస్ రిటైరవడానికి అయిదేళ్ళ ముందు, 1820లో, అదే కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్ కడపకి వచ్చాడు. మన దేశాన్ని దోచుకున్న కంపెనీ అది, సందేహం లేదు. దాని జీతగాళ్ళలోనే వేమనని వెతికి పట్టుకున్నవాడొకడూ, పిల్లలకి షేక్స్‌పియర్‌ని చెప్పినవాడొకడూ ఉన్నారంటే నాకు వింతగానే ఉంటుంది.

ఇన్సూరెన్స్ ప్రాజెక్టు మీద ఒకసారి లండన్ వెళ్ళి నాలుగు వారాలు ఉన్నాను. లీడెన్‌హాల్ స్ట్రీట్ దగ్గర, గొట్టాలూ లిఫ్టులూ అన్నీ బయటికి కనిపించేలా కట్టిన లాయిడ్స్ భవనం ముందు ఫోటో కూడా దిగాను. ఈస్టిండియా కంపెనీ ఆఫీసుని 1860ల మొదట్లో పడగొట్టేశారని, అది ఉన్నది సరిగ్గా ఆ చోటేనని అప్పుడు తెలియదు. తెలిస్తే ఇంకో అయిదు నిమిషాలు నిలబడేవాణ్ణి.

1792లోనే లాయరు సాల్ట్ పోయాడు. కుటుంబానికి ఉన్న ఇల్లు పోయింది. హోల్బోర్న్ దగ్గర ఇరుకు అద్దె ఇంట్లోకి మారారు. తండ్రికి మతి తప్పుతోంది. తల్లి మంచం పట్టింది. ముసలి మేనత్త ఒకామె. పెద్దవాడు జాన్‌కి మంచి ఉద్యోగమే ఉంది, కాని వేరే ఉండేవాడు. ఇంటికి ఆధారం చార్లెస్ జీతం, మేరీ కుట్టుపని. పగలంతా గౌనులు కుట్టడం, రాత్రంతా తల్లి పక్కన పడుకుని ఆమె అవసరాలు చూడడం. ఇలా ఏళ్ళ తరబడి. ఇది చదువుతుంటే మనవాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి కాకుండా ఉండిపోయి అందరికీ చాకిరీ చేసిన ఆడపడుచులు ఎంతమంది కళ్ళముందు మెదిలారో! ఈలోగా 1795 చివర చార్లెస్‌కే మతి చలించి, ఆరు వారాలు హాక్స్‌టన్‌లో పిచ్చాసుపత్రిలో ఉండి వచ్చాడు. అది ఆయన జీవితంలో మళ్ళీ రాలేదు.

1796 సెప్టెంబరు 22. ఇంట్లో భోజనానికి బల్ల సిద్ధం చేస్తున్నారు. మేరీ దగ్గర కుట్టుపని నేర్చుకుంటున్న చిన్నపిల్ల మీద ఆమెకి ఒక్కసారిగా కోపం వచ్చింది. బల్లమీది కత్తి తీసుకుని ఆ పిల్లని తరిమింది. తల్లి వద్దని అరిచింది. మేరీ వెనక్కి తిరిగి ఆ కత్తి తల్లి గుండెలో దించింది. తండ్రి నుదుటికి కూడా దెబ్బ తగిలింది. చార్లెస్ వచ్చి అక్క చేతిలోంచి కత్తి లాక్కునేసరికే తల్లి ప్రాణం పోయింది. అప్పుడతని వయసు 21. అక్క వయసు 31.

విచారణ జరిగింది. మతిభ్రమణంలో చేసిన పని అని తేల్చారు. ఆ రోజుల్లో దానికి ఇప్పటిలాంటి కఠినమైన చట్టం ఇంకా రాలేదు, ఎవరైనా పూచీపడితే మనిషిని వాళ్ళకి అప్పగించేవారు. అన్న జాన్ ఆమెని బెడ్లాం అనే పెద్ద పిచ్చాసుపత్రిలో శాశ్వతంగా పెట్టేస్తే మంచిదన్నాడు. అక్కడి పరిస్థితులు తెలిసిన చార్లెస్ ఒప్పుకోలేదు. ఆమె బతికున్నంతకాలం బాధ్యత తనదేనని మాట ఇచ్చాడు. ముందు ఇస్లింగ్టన్‌లో ఒక ప్రైవేటు ఆశ్రమంలో ఉంచాడు, దాని ఖర్చు గుమాస్తా జీతంలోంచి. 1799లో తండ్రి పోయాక అక్కని ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ముప్ఫై అయిదేళ్ళు, ఆయన పోయేదాకా, ఇద్దరూ ఒక ఇంట్లోనే.

జబ్బు మాత్రం పూర్తిగా పోలేదు. దాదాపు ఏటా తిరిగి వచ్చేది. వచ్చే ముందు మేరీకే తెలిసేది. నిద్ర పట్టదు, మాట తీరు మారుతుంది. అప్పుడు ఇద్దరూ కలిసి నడుచుకుంటూ ఆసుపత్రికి బయలుదేరేవారు. అలా పొలాల వెంట చెయ్యి చెయ్యి పట్టుకుని ఏడుస్తూ వెళ్తున్న అక్కాతమ్ముళ్ళని ఒక స్నేహితుడు చూశాడు. ఊరు ప్రయాణమైతే, చేతులు కదలకుండా కట్టే గట్టి గుడ్డ చొక్కా కూడా సామానులో పెట్టుకునేవారు. ఆ చొక్కాని పెట్టెలో సర్దుకునేది మేరీయేనట. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లోవాళ్ళకి మానసికమైన జబ్బు వస్తే మనం ఎంత దాచుకుంటామో మీకు తెలుసు. వాళ్ళూ ఊరంతా చాటలేదు, కాని దాచి కూర్చోనూలేదు. ఇరుగుపొరుగుకి తెలిసి ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఇంకో ఇల్లు చూసుకున్నారు. మేరీ బాగున్న నెలల్లో వారానికో రోజు వాళ్ళింట్లో సభ. వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్, హాజ్లిట్ వంటివాళ్ళందరూ చేరి పేకాట, కబుర్లు, చార్లెస్ నత్తితో విసిరే చలోక్తులు. అతనికి తాగుడు అలవాటు కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది.

ఇక పుస్తకం సంగతి. విలియం గాడ్విన్ అనే రచయిత, ఆయన రెండో భార్యా కలిసి పిల్లల పుస్తకాల దుకాణం పెట్టారు. ఫ్రాంకెన్‌స్టీన్ రాసిన మేరీ షెల్లీ ఆయన మొదటి భార్య కూతురే, అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల. షేక్స్‌పియర్ నాటకాలని పిల్లలకి కథలుగా రాసిపెట్టమని గాడ్విన్ దంపతులు అడిగారు. ఇంటికి డబ్బు అవసరం. అరవై గినీలు ఇస్తామన్నారు. 1806లో అక్కాతమ్ముళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని మొదలుపెట్టారు. మేరీ స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ఆ దృశ్యం ఉంది. ఆవిడ పొడుం పీలుస్తూ రాస్తుంటుంది. చార్లెస్ మూలుగుతూ, ఇది తనవల్ల కాదని అంటూనే ఉంటాడు, పూర్తయ్యాక మాత్రం బాగానే వచ్చిందంటాడు. ఒక నాటకం దగ్గర మేరీ ఆగిపోయింది. ఇన్ని కథల్లో ఆడపిల్లలకి మగవేషాలు వెయ్యడం చూసి చూసి, షేక్స్‌పియర్‌కి ఊహాశక్తి తక్కువేమోనని ఆమె విసుక్కుంటోందని చార్లెస్ వర్డ్స్‌వర్త్‌కి రాశాడు. మా అమ్మాయికి ఈ సంగతి చెబితే ఆ రోజు మొదటిసారి నవ్వింది.

మొత్తం ఇరవై కథలు. సుఖాంతాలన్నీ, పధ్నాలుగు, మేరీ రాసింది. కింగ్ లియర్, మాక్‌బెత్, హామ్లెట్, ఒథెల్లో, రోమియో జూలియట్, టైమన్, ఈ ఆరు విషాదాలూ చార్లెస్ రాశాడు. కత్తులూ చావులూ ఉన్నవి అక్కకి ఇవ్వకుండా తనే తీసుకున్నాడని నాకనిపిస్తుంది. నా ఊహే కావచ్చు. 1807 జనవరిలో పుస్తకం వచ్చింది. దాని మీద ఉన్న పేరు చార్లెస్ లాంబ్ ఒక్కటే. మూడింట రెండు వంతులు రాసినామె పేరు లేదు. చార్లెస్ స్నేహితుల దగ్గర నిజం దాచలేదు, ఎవరెన్ని రాశారో ఉత్తరాల్లో లెక్కతో సహా చెప్పాడు. కాని అట్టమీద అక్క పేరు కోసం పట్టుబట్టాల్సింది అనిపిస్తుంది నాకు. పదేళ్ళ కిందటి హత్య పేపర్లలో వచ్చింది, పిల్లల పుస్తకం మీద ఆ పేరు చూస్తే కొనరన్న భయం ఉండొచ్చు. పేరు లేకపోవడానికి కారణం ఏదైనా, నా చిన్నప్పుడు అక్క చదివి వినిపించిన పుస్తకం మీద కూడా ఒక్క లాంబే ఉన్నట్టు గుర్తు. మేరీ పేరు మా ఇద్దరికీ తెలియనే తెలియదు.

ఆ కథల్లో ఏముంది? పుస్తకం వచ్చాక మా అమ్మాయికి చదివి వినిపిస్తూ నేనూ గమనించాను. అసలు నాటకం రాజుగారి పెళ్ళి కబుర్లతో మొదలవుతుంది. పన్నెండేళ్ళ పిల్లకి రాజుగారి పెళ్ళితో పనేముంది? మేరీ ఆ మాటలన్నీ పక్కనపెట్టి, ఏథెన్స్ నగరంలో ఉన్న ఒక చట్టంతో మొదలుపెట్టింది. తండ్రి చెప్పిన వరుణ్ణి చేసుకోనన్న కూతురికి మరణశిక్ష వేయించవచ్చన్న చట్టం. ఆ వెంటనే, తండ్రులెవరూ కూతుళ్ళ చావు కోరుకోరు కాబట్టి అది అమలైంది తక్కువేనని, బెదిరించడానికి మాత్రం పనికొచ్చి ఉంటుందని సన్నగా ఒక చురక. మా అమ్మాయి నిటారుగా కూర్చుంది. తాతయ్య అత్తకి అలాగే పెళ్ళి చేశాడా అని అడిగింది. ఇంటర్ కాగానే అక్కకి సంబంధం చూసిన సంగతి గుర్తొచ్చి నేను పేజీ తిప్పాను.

ఇంకో సంగతి. వాళ్ళు వీలైనంతవరకు షేక్స్‌పియర్ మాటలనే వాడారు, ఆయన కాలం తరువాత భాషలోకి వచ్చిన మాటలు దొర్లకుండా చూసుకున్నారు. అందువల్ల కథ చదివిన పిల్ల తరువాత నాటకం తెరిస్తే అక్కడక్కడ తెలిసిన మాటలు పలకరిస్తాయి. ఇది ముఖ్యంగా ఆడపిల్లల కోసం రాశామని ముందుమాటలోనే చెప్పారు. మగపిల్లలకి తండ్రుల గ్రంథాలయాలు ముందుగా అందుతాయి, ఆడపిల్లలకి ఆలస్యంగా అందుతాయి. కాబట్టి అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళకి కష్టమైన చోట్లు విడమరిచి చెప్పి, తగిన భాగాలు నాటకంలోంచి చదివి వినిపించాలని కోరారు. అంటే వాళ్ళ దృష్టిలో ఆ పుస్తకం గుమ్మం మాత్రమే, ఇల్లు కాదు. మా ఇంట్లో జరిగింది తిరగబడి. చెప్పింది అక్క, విన్నది నేను.

అప్పట్లో పిల్లల పుస్తకాలంటే నీతులు, లేకపోతే సైన్సు సంగతులు. గుర్రం అంటే ఏమిటి, ఎన్ని కాళ్ళు అన్న తరహా. కథలు పోయి ఈ సమాచారం వచ్చి పడిందని, చిన్నప్పుడే పిల్లల బుర్రలు వీటితో నింపేస్తున్నారని చార్లెస్ 1802లో కోల్‌రిడ్జ్‌కి రాసిన ఉత్తరంలో మండిపడ్డాడు. ఆ ఉత్తరం చదువుతూ మా ఇంటి గోడకి అంటించిన టైంటేబుల్ చూశాను. సోమవారం మ్యాథ్, మంగళవారం కోడింగ్, బుధవారం మళ్ళీ మ్యాథ్. ఇందులో మన ఇళ్ళన్నిటికీ పోలికే.

ఈ కథల్లో లోపాలూ ఉన్నాయి. ఇరవై కథల్లోనే సరిపెట్టారు, ఇంగ్లండు రాజుల నాటకాలు, రోము నాటకాలు ముట్టుకోలేదు. మన తెలుగులోకి మొదట వచ్చిన షేక్స్‌పియర్ నాటకం వావిలాల వాసుదేవశాస్త్రిగారి జూలియస్ సీజర్. అది లాంబ్ పుస్తకంలో లేనే లేదు. వీరేశలింగంగారు చమత్కార రత్నావళిగా మార్చుకున్న కామెడీ ఆఫ్ ఎర్రర్స్ మాత్రం ఉంది. కథ నడక కోసం వినోదాలు చాలా తీసేశారు. మర్చంట్ ఆఫ్ వెనిస్‌లో మూడు పెట్టెల పరీక్ష లేదు. ట్వెల్ఫ్త్ నైట్‌లో మాల్వోలియో లేడు. మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్‌లో సాలెవాడు బాటమ్ గాడిద తలతో ఒక్కసారి కనిపిస్తాడు గాని అతనికి పేరు కూడా పెట్టలేదు. అతని బృందం వేసే పిచ్చి నాటకం అసలే లేదు. మనవైపు పద్య నాటకాలు చూసినవాళ్ళు చెప్పండి, హాస్యగాడు లేకపోతే ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఎంతసేపు కూర్చుంటారు?

నాటకరంగం మీద చార్లెస్‌కి ప్రాణం. అదే సమయంలో, 1806 డిసెంబరు 10న, ఆయన రాసిన మిస్టర్ హెచ్ అనే ప్రహసనాన్ని డ్రూరీ లేన్‌లో వేశారు. హీరో పేరేమిటన్నదే అందులో రహస్యం. ఆఖరికి ఆ పేరు పందిమాంసం అని అర్థమొచ్చే ఇంటిపేరు అని తేలుతుంది. ప్రేక్షకులు ఈలలు వేసి గోల చేశారు. ముందు వరసలో కూర్చున్న చార్లెస్ కూడా వాళ్ళతో కలిసి అందరికన్నా గట్టిగా అల్లరి చేశాడట. ఆ ఒక్క రాత్రితో ఆ నాటకం ఆగిపోయింది. కథల పుస్తకం మాత్రం అప్పటినుంచి అచ్చు ఆగకుండా వస్తూనే ఉంది.

తరువాత పిల్లలకోసం చార్లెస్ యులిసిస్ సాహసాలు రాశాడు. ఇద్దరూ కలిసి 1809లో పిల్లల పద్యాలు, మిసెస్ లీస్టర్స్ స్కూల్ అనే కథలు వేశారు. ఈ రెండోదానిలో కూడా పదింటికి ఏడు మేరీవే, ఈసారి అసలు ఎవరి పేరూ లేదు. అందులో మొదటి కథ ఒక చిన్నపిల్లది. తల్లి చనిపోయింది. తండ్రి ఆ పిల్లని స్మశానానికి తీసుకెళ్ళి, తల్లి సమాధి రాయిమీది అక్షరాలతోనే చదువు నేర్పుతాడు. రాసింది మేరీ లాంబ్. దీనిమీద నేను ఏమీ రాయలేను.

చార్లెస్ పెళ్ళి చేసుకోలేదు. కుర్రతనంలో ఒక అమ్మాయిని ప్రేమించాడు, అది సాగలేదు. 44 ఏళ్ళ వయసులో, 1819లో, ఫానీ కెల్లీ అనే నటికి పెళ్ళి ఉత్తరం రాస్తే ఆమె మర్యాదగా వద్దంది. తరువాత వాళ్ళిద్దరూ తల్లిదండ్రులు లేని ఎమ్మా ఇసోలా అనే పిల్లని చేరదీశారు. మేరీయే ఆ పిల్లకి లాటిన్ నేర్పింది. 1820 నుంచి లండన్ మ్యాగజైన్‌లో ఎలియా అన్న మారుపేరుతో రాసిన వ్యాసాలు చార్లెస్‌కి పెద్ద పేరు తెచ్చాయి. అవి సాహిత్యం తెలిసినవాళ్ళు చెప్పాల్సినవి. తన అసలు రచనలు కంపెనీ ఆఫీసు అలమారాల్లో ఉన్న చిట్టా ఆవర్జాలేనని ఆయన ఎగతాళిగా చెప్పుకునేవాడు. రోజూ ఆలస్యంగా వస్తున్నావేమని పై అధికారి అడిగితే, అందుకు బదులుగా తొందరగా వెళ్ళిపోతున్నానుగా అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నేను ఆ ప్రయోగం చెయ్యలేదు.

1825 మార్చి 29న రిటైరయ్యాడు. ఏడాదికి 450 పౌన్ల పింఛను, అందులో తొమ్మిది పౌన్లు కోత. తాను ముందు పోతే అక్కకి జరుగుబాటు ఉండాలని పెట్టుకున్న కోత అది. స్వేచ్ఛ వచ్చిందని సంబరపడ్డాడు గాని పొద్దు గడవలేదు. మేరీ జబ్బు ఎక్కువ నెలలు ఉండసాగింది. ఎన్‌ఫీల్డ్‌కి, తరువాత 1833లో ఎడ్మంటన్‌కి మారారు. ఎడ్మంటన్‌లో జబ్బు మనుషులని చూసుకునేవాళ్ళ ఇంట్లోనే, ఆమె పక్కనే ఉండడానికి చార్లెస్ కూడా మకాం పెట్టాడు. 1834 జులైలో కోల్‌రిడ్జ్ పోయాడు. ఆ డిసెంబరులో షికారుకు వెళ్ళి చార్లెస్ కాలు తట్టుకుని పడ్డాడు. మొహం మీద చిన్న గాయం, అది విషమించి 27వ తేదీన పోయాడు. అక్క అప్పుడు జబ్బులో ఉంది. పోయినవాడు ఎవరో పూర్తిగా తెలుసుకునే స్థితిలో లేదు. ఆమె ఇంకా పన్నెండేళ్ళు పైన బతికి, 1847 మే 20న 82 ఏళ్ళ వయసులో పోయింది. తమ్ముడి సమాధిలోనే ఆమెనీ ఉంచారు. ఆ రోజు ఏం జరిగిందో చార్లెస్ జీవితకథ రాసిన స్నేహితుడు, ఆమె పోయిన మరుసటి సంవత్సరం దాకా అచ్చులో పెట్టలేదు.

మా అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. మేరీ రాసిన కథ రెండు రాత్రుల్లో అయిపోయింది. మర్నాడు స్కూలు నుంచి కోపంగా వచ్చింది. క్లాసులో అందరూ బాటమ్ గురించి మాట్లాడుకుంటున్నారు, మన పుస్తకంలో వాడు సరిగ్గా లేడేమిటని నిలదీసింది. అది గుమ్మం మాత్రమేనని, వాడు కావాలంటే అసలు నాటకంలో వెతుక్కోవాలని చెప్పాను. కథ ఎటు పోతోందో తెలుసు కాబట్టి ఈసారి మాటలు అంత అడ్డం పడలేదు. అర్థం కానిచోట గట్టిగా పైకి చదువుకుంది, ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు పెట్టి. చివరి అంకం చదువుతూ ఒక్కతే గదిలో పడీపడీ నవ్వడం మేం వంటింట్లోంచి విన్నాం.

నెలాఖరుకి క్లాసులో పిల్లలు చిన్న చిన్న ఘట్టాలు వేశారు. బాటమ్ బృందం వేసే పిచ్చి నాటకంలో ఒక మనిషి గోడ వేషం వేస్తాడు, గోడలో సందు కోసం వేళ్ళు చాపి నిలబడతాడు. ఆ గోడ మా అమ్మాయి. అట్టపెట్టె చింపి, ఇటుకలు గీసుకుని మెడకి తగిలించుకుంది. ఆ వీడియో అక్కకి పంపాను. అక్క రెండుసార్లు చూసి ఫోన్ చేసింది. ఈ గోడ ఎవరు, నేను చదివిన కథలో లేదే అని అడిగింది. లాంబ్ వదిలేశారని, అందులోనూ ఆ కథ రాసింది తమ్ముడు కాదు, అక్క మేరీ అని చెప్పాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఈసారి వచ్చేటప్పుడు ఆ నాటకం పూర్తిగా ఉన్న పుస్తకం తెచ్చిపెట్టమంది, అక్షరాలు కాస్త పెద్దవిగా ఉన్నది చూసి.